ఎర్రబడని మరక

చిన్నకోడలికి పసుపంటే పడదు. తినడానికి పేచీ లేదు, ఉతకడానికే. లాండ్రీలో ఆమె పని మరకలు వదిలించడం. హోటళ్ళ నుంచి వచ్చే తెల్లటి బల్లగుడ్డల మీద పసుపు పడిందంటే, సబ్బు తగలగానే మరక ఎర్రబడి, దిక్కున్నచోట చెప్పుకోమన్నట్టు మొండికేసి కూర్చుంటుంది. అందుకే ఆసుపత్రిలో ఉబ్బసానికి పసుపు మందు పరీక్షిస్తున్నారనీ, తోడికోడలు అందులో చేరిందనీ విన్నప్పుడు, "దానివల్ల ఒక్క మంచిపని జరిగినా నేనే దండం పెడతానక్కా" అని నవ్వింది.

పెద్దకోడలు పరుపుల దుకాణంలో దిళ్ళు కుడుతుంది. పొద్దస్తమానం దూదిలోనే ఉంటుంది. ఆ దూది ముక్కులోంచి దూరి రొమ్ములో కాపురం పెట్టిందని ఆమె ఫిర్యాదు. డాక్టరు ఓపిగ్గా అంతా వివరించాడు. అందరికీ ఇచ్చేది పసుపురంగు గొట్టం మాత్రలే. కొందరి వాటిలో పసుపు సారం ఉంటుంది, కొందరి వాటిలో రంగు కలిపిన ఉత్త పిండి. ఎవరికేది దక్కిందో రోగికీ తెలియదు, ఆయనకూ తెలియదు. పనిచేస్తుందో లేదో తేల్చడానికే ఇదంతా, కాబట్టి రోజూ పీల్చే ఇన్‌హేలరు మాత్రం మానొద్దని మరీమరీ చెప్పాడు.

నెల తిరక్కుండానే పెద్దకోడలు పసుపు మహిమ ఇంటిల్లిపాదికీ చెవుల్లో నూరిపోయడం మొదలుపెట్టింది. ఆయాసం పోయిందంది, మెట్లు ఎగురుకుంటూ ఎక్కుతున్నానంది. మగవాళ్ళిద్దరూ సరేనని తలలూపి టీవీ వైపు తిరిగారు. చిన్నకోడలూ సంతోషించింది, కానీ ఒకరోజు గుండీ కోసం కుట్టుపెట్టె తెరిస్తే దారపు ఉండల కింద ఇన్‌హేలరు కనబడింది.

"ఇదేంటక్కా ఇక్కడ?"

"తగ్గాక దాంతో పనేముందే? మూసెయ్."

ఆ వారమే పరుపుల దుకాణం బట్టలతోపాటు పెద్దకోడలి ఏప్రాన్ లాండ్రీకి వచ్చింది. జేబు తడిమి చూడకుండా నీళ్ళలో నానబెట్టడం చిన్నకోడలి తప్పే. తీసేసరికి జేబు చుట్టూ అరచేతంత మేర పచ్చగా అంటుకుని ఉంది. అడుగున కరిగీ కరగని గొట్టం ముక్క. కొంప మునిగింది, ఇక ఎర్రబడుతుందని సబ్బుబిళ్ళ తీసుకుని రుద్దింది. ఎర్రబడలేదు. మళ్ళీ రుద్దింది. ఆ పచ్చదనం నీళ్ళతోపాటు మర్యాదగా జారిపోయింది.

ఆమె తడి ఏప్రాన్ పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్ళలో సబ్బుకి ఎర్రబడని పసుపుని ఆమె చూడలేదు. అక్క మింగుతున్నది ఉత్త పిండి. ఆ పిండిని నమ్ముకునే ఇన్‌హేలరుని దారాల కింద పాతేసింది. చెబితే ఆమె ఆశ మీద నీళ్ళు చల్లినట్టు. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఊపిరందక ప్రాణం మీదికి వస్తుంది. సాయంత్రం దాకా కక్కలేక మింగలేక సతమతమై, చివరికి చెప్పేయాలనే నిర్ణయంతో ఇంటికి బయల్దేరింది.

రెండో అంతస్తు మలుపులో పెద్దకోడలు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి భుజాన ఉన్న సంచిలో దేనికోసమో కెలుకుతోంది.

"ఏం వెతుకుతున్నావక్కా?"

"తాళం... చెవి."

తాళంచెవి కమ్మీ పట్టుకున్న చేతివేలికే వేలాడుతోంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా లోపల పిల్లికూత వినిపిస్తోంది. చిన్నకోడలు ఆ తాళంచెవి లాక్కుని పైకి పరుగెత్తి, కుట్టుపెట్టెలోంచి ఇన్‌హేలరు తెచ్చి నోటికి అందించింది. ఊపిరి దారికొచ్చాక ఇద్దరూ మెట్ల మీదే కూలబడ్డారు.

"అది పసుపు కాదక్కా," అని ఏప్రాన్ సంగతి చెప్పేసింది.

పెద్దకోడలు గొడవపడలేదు. "కాకపోతే కాకపోనీ. అసలు నాకు తగ్గిందెక్కడ?"

"మరి తగ్గిందన్నావుగా!"

"ఆ డాక్టరు ఎదురుగా కూర్చుని అడుగుతాడే, రాత్రి నిద్ర పట్టిందా అమ్మా, అని. నన్ను ఆ మాట ఇంతకుముందు ఎవరడిగారు? పట్టలేదని చెబితే పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. అందుకని తర్వాతసారి బాగుందన్నా. అక్కడ బాగుందని ఇంట్లో బాలేదంటానా? బాగున్నదాన్ని అది పీలుస్తూ కనబడితే మీరందరూ నవ్వరూ?"

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. రెండు గదులకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. రాత్రిళ్ళు ఆ దగ్గు వినబడితే దిండు చెవికి అదుముకుని అటు తిరిగి పడుకునేది. ఒక్కనాడూ అడగలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పొద్దున పెద్దకోడలు పొయ్యి దగ్గర నిలబడి ఉంటే, చిన్నకోడలు చేతిలో పని పక్కనపెట్టి వచ్చి ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రాత్రి నిద్ర పట్టిందా అక్కా?"

"బ్రహ్మాండంగా..." అనబోయి పెద్దకోడలు ఆగిపోయింది. చేతిలో గరిట అలాగే ఉంది.

"లేదే," అంది. "రెండుసార్లు లేచి కూర్చున్నా."

"గోడ మీద కొట్టకపోయావా?"

"కొడితే లేస్తావా?"

"లేస్తా. ఇవాళ డాక్టరుతోనూ ఇదే చెప్పు. ఏప్రాన్ సంగతి నేను చెబుతా."

"మొహం చిన్నబుచ్చుకుంటాడే పాపం."

"చిన్నబుచ్చుకోనీ. నీకు తగ్గాలిగానీ ఆయనకా?" అని లేచి, కుట్టుపెట్టెలోంచి తీసిన ఇన్‌హేలరుని అందరికీ కనబడేలా ఉప్పుడబ్బా పక్కన పెట్టింది.