మహేష్‌కి నేర్పిన వరస

మహేష్ టీ పెడుతున్నాడు. గిన్నె కడిగాడు. నీళ్లు పోశాడు. స్టవ్ దగ్గర ఆగి, "తరవాత మంట" అని తనకు తానే చెప్పుకుని వెలిగించాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న వందనకు ఆ గొణుగుడు వినడం ఇష్టం.

వందన నరసరావుపేటలో న్యూరోసైకాలజిస్టు. మానసిక జబ్బులు చెదరగొట్టిన జ్ఞాపకాన్ని, ఆలోచనను మళ్లీ దారిలో పెట్టడం ఆమె పని. స్కిజోఫ్రీనియా మాత్రలతో మహేష్ చెవుల్లో మాటలు ఆగాయి గానీ, చొక్కా ముందా స్నానం ముందా అన్నది అతనికి తేలేది కాదు. రెండేళ్లుగా ఆమె ప్రతి పనినీ చిన్న ముక్కలు చేసి నేర్పింది. అతన్ని ఊహించనివ్వకూడదు. తప్పు చెయ్యకముందే సరైన ముక్క అందించాలి. తను నెలకోసారే మాచవరం దాటి ఈ ఊరు రాగలదు కనుక, ఆ పద్ధతిని అతని తల్లి అలివేలమ్మకు కూడా నేర్పింది.

మహేష్ ఇటు తిరిగాడు. పెదవి చిట్లింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"ఏమైంది మహేష్?"

"కృపావరాన్ని గడ్డపారతో కొట్టా. ముందు మోకాలి మీద. పడ్డాక తల మీద. గడ్డపార కాలవలో పడేశా." ఆగాడు. "తరవాత ఇంటికొచ్చా."

కృపావరం ఆ ఊరి కౌలురైతు. మహేష్ అన్న నరసింహారావు ఖాళీ చెయ్యమన్న పొలంలో మళ్లీ అరక కట్టాడు. మొన్న కాలవ గట్టున అతను తల పగిలి చనిపోయాడని బస్సులో అందరూ చెప్పుకుంటుంటే వందన వింది.

ఆ చిన్న ముక్కలు, ఆ ఆగడం, ఆ 'తరవాత' అన్నీ ఆమె నేర్పినవే. ఇన్నేళ్ల పనిలో ఆమె రోగి ఎవరూ ఒక వరసను ఇంత చక్కగా నిలుపుకోలేదు.

"ఇది ఎవరు నేర్పారమ్మా?"

గోడవారన కూర్చున్న అలివేలమ్మ తల ఎత్తలేదు. "నేనే. మీరు చూపిచ్చినట్టే చెప్పా. పెద్దోడికి ఓపిక లేక చెయ్యి చేసుకున్నాడు."

"ఎందుకు నేర్పారు?"

"పెద్దోడు జైలుకి పోతే ఇల్లు నిలవదు. వీడిదేముంది, పిచ్చోడని కోర్టోళ్లు వదిలేస్తారంట."

లోపలి గదిలోంచి నరసింహారావు తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. "మంచి టైముకొచ్చారు మేడమ్. మావోడికి పిచ్చని ఒక కాయితం రాసియ్యండి."

జబ్బు ఉందని రాస్తే, పిచ్చివాడే చంపాడని అందరూ నమ్ముతారు. నయమైందని రాస్తే జైలు. ఏది రాసినా మహేష్ మెడకే చుట్టుకుంటుంది.

"ఇవి అతనికి నేర్పిన మాటలని రాస్తాను."

"ఆ నేర్పే పద్ధతి ఎవరిదో గూడా రాయండి మరి" అని అతను నవ్వాడు.

వందన మహేష్ ఎదురుగా నేల మీద కూర్చుంది. "కృపావరం ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

మహేష్ తల్లి వైపు చూశాడు. ఆ ముక్క ఎవరూ నేర్పలేదు. ఆ రోజును గుర్తు తెచ్చుకున్నాడు.

"చొక్కా లేదు. నీళ్లలో ఉన్నాడు. వద్దయ్యా, వద్దయ్యా అని దండం పెట్టాడు."

"ఎవరికి?"

"అన్నకి. అన్న ఆ చేతుల మీదే కొట్టాడు. వేళ్లు ఇరిగినయ్."

నరసింహారావు అతని ఛాతీ మీద తన్నాడు. మహేష్ వెనక్కి పడ్డాడు, తల గడపకు కొట్టుకుంది. వందన అడ్డం వెళితే జుట్టు పట్టి గోడకేసి గుద్దాడు. ఆమె నోరు రక్తంతో నిండింది. అతను మూలనున్న దుడ్డుకర్ర అందుకున్నాడు.

మహేష్ లేవలేదు. పడుకునే రెండు చేతులూ జోడించాడు. "వద్దయ్యా" అన్నాడు, కాలవ దగ్గర విన్నట్టే.

అలివేలమ్మ ఆ చేతుల్ని చూసింది. కర్ర దిగేలోపు చిన్నకొడుకు మీద పడింది. ఆమె మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

నరసింహారావు కర్ర వదిలేశాడు. ఊపిరి ఎగబోస్తూ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకొచ్చావే మధ్యన. ఇదిగో, ఎవరడిగినా వీడే కొట్టాడని చెప్పు. విన్నావా అమ్మా? చెయ్యి ఇరగ్గొట్టింది గూడా వీడేనని చెప్పు."

 అలివేలమ్మ వేలాడుతున్న చేతిని కొంగుతో పొట్టకు అదిమిపెట్టుకుని, గోడ ఆసరాతో లేచింది. అడ్డుగా చాచిన పెద్దకొడుకు చేతిని తప్పించుకుని గడప దాటింది. కృపావరం ఇంటి ముందు కుర్చీలేసుకుని కూర్చున్న పోలీసుల వైపు, అతను పిలుస్తున్నా వెనక్కి తిరక్కుండా, నడిచివెళ్లింది.