నిమ్మతొక్కల డబ్బా

తెల్లారి లేవగానే ఆరతి చేసే మొదటి పని డబ్బాల మూతలు తియ్యడం. జోడ్‌భావి పేట్‌లో ఆమె గదిలో గోడవారగా అవి వరసగా ఉంటాయి. పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి మూడు నెలలు ఊరబెట్టి, వడగట్టి, కుంకుడు రసం కలిపిందంటే ఫర్శి బండలు తుడవడానికి దాన్ని మించింది లేదని హోట్గి రోడ్ ఇళ్ళవాళ్ళు అంటారు. పాకే పిల్లలున్న ఇళ్ళలో ఫినాయిల్ మానేసి ఇదే వాడుతున్నారు. తంబాకు దగ్గు పట్టుకుని బీడీలు చుట్టడం మానేశాక ఆరతికి ఇదే బతుకుదెరువు.

ఊరే తొక్కల్లో గాలి పుడుతుంది. రోజూ మూత తీసి వదలకపోతే డబ్బా పగులుతుంది. తొక్క తీసేటప్పుడు మనసులో ఏమనుకున్నారో ఆ మాట కూడా, తీసినవాళ్ళ గొంతుతోనే, ఆ గాలితో బయటికొస్తుంది. పక్కింటి శ్రావణి ఇచ్చిన తొక్కలు "ఈసారన్న అమ్మగారింటికి పోనిస్తడో లేదో" అంటాయి. ముసలి పెంటప్పవి "మోకాలు, మోకాలు" అని మూలుగుతాయి. పేటలో ఇదేం వింత కాదు. "నా డబ్బా ఇయ్యాల ఏమన్నది ఆరతీ?" అని శ్రావణి నల్లా దగ్గర అడుగుతుంది. ఈమె చెబుతుంది. అంతే.

అన్నిటికన్నా చివర తీసేది నర్సప్ప డబ్బా.

నర్సప్పది వీధి మలుపులో మోసంబి రసం బండి. అంతకుముందు పవర్‌లూమ్ మీద చాదర్లు నేసేవాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. సాయంత్రం పూట తొక్కలన్నీ ఏరి, కుళ్ళింది ఒక్కటీ లేకుండా ఆరతి కోసం తీసి ఉంచుతాడు. ఎండల్లో ఆమె చేతికి గ్లాసు ఇచ్చి, తాగడం అయ్యేదాకా ఇంకో గిరాకీ వైపు చూడడు. ఆడవాళ్ళంతా అతన్ని నర్సన్న అంటారు. ఆరతి మాత్రం ఆ 'అన్న'ను ఏనాడూ నోట రానివ్వలేదు.

కానీ అతని డబ్బా మూత తీస్తే మాట రాదు. పవర్‌లూమ్ చప్పుడు వస్తుంది, ఖట్ ఖట్ ఖట్ అని. దాని వెనక ఎక్కడన్నా తన పేరుందేమోనని ఆరతి చెవి ఆనించి వింటుంది. గాలి అయిపోతుంది. మూత పెట్టేస్తుంది.

పోనీ తనే చెబుదామా అంటే, నర్సప్పకు ఏది చెప్పాలన్నా అరవాలి. "తొక్కలున్నయా" అంటేనే వీధంతా వినపడుతుంది. మొగుడు పోయిన మనిషి, ఎదిగిన బిడ్డను ఇంట్లో పెట్టుకుని, నలుగురిలో నిలబడి ఆ మాట ఎట్లా అరుస్తుంది?

అంతలో ఊరవతల కుంభారిలో, బీడీ కార్మికుల కోసం కట్టిన కాలనీలో ఆమె పేర వచ్చిన ఇంటి తాళం చేతికొచ్చింది. కూతురు ఋతుజ ఎగిరి గంతేసింది.

"మన సొంతిల్లు అమ్మా! ఇంక ఏం సోంచాయిస్తున్నవ్?"

"గంత దూరం తొక్కలెట్ల దొరుకుతయే?"

"కుంభారిల మోసంబీలు దొరకవా?"

ఆరతి లేచి నర్సప్ప డబ్బా మూత ఇంకోసారి బిగించింది.

ఇల్లు మారే ముందు ఆమె సంచి నిండా నిమ్మకాయలు తెచ్చుకుంది. ఋతుజను కూడా ముట్టుకోనివ్వకుండా, గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే తొక్క తీసింది. తీస్తున్నంతసేపూ ఒక్క మాటే అనుకుంది. తర్వాత బెల్లం, నీళ్ళు పోసి మూత బిగించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మలుపు దాకా నడిచింది.

"మేం పోతున్నం! ఇది మీ కాడ ఉంచుకోండ్రి! రోజు పొద్దుగాల మూత తియ్యాలె!" అని అరిచింది.

"తీస్త," అన్నాడు నర్సప్ప. "కని అది ఏమన్నా అంటే నాకు వినపడదు గద, ఆరతమ్మా."

ఆమె ఇంక అరవలేదు. వేలితో మూతను చూపించి, తన చెవిని ముట్టుకుంది.

కుంభారిలో కొత్త ఇల్లు, కొత్త ఫర్శి. పక్కింటివాళ్ళు తొక్కలిచ్చారు. మూతలు తీస్తే తెలియని గొంతులు, తెలియని బాధలు. ఆరతి అన్నీ వినేది కానీ ఏదీ చెవికెక్కేది కాదు. ఈపాటికి విని ఉంటాడా? విని నవ్వుకున్నాడా? మోరీలో పారబోశాడా? ఫర్శి తుడిచిందే మళ్ళీ తుడిచేది. వానలు మొదలయ్యాయి. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో గుడ్డ ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం నర్సప్ప బస్సు దిగాడు. గుండెకు హత్తుకున్న డబ్బా మీద తువ్వాల కప్పి ఉంది. ఏ ఇల్లో తెలియక వీధి మధ్యలో నిలబడ్డాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు.

"ఆరతమ్మా! నేను విన్న! చెవి పెట్టి రోజు విన్న! రోజు గదే మాట! నా మనసుల గూడ గదే ఉన్నది, నా తలకాయల ఇంక మోగే మగ్గం చప్పుడుల పడి నీకు వినపడలేదేమో! ఈడ బండికి జాగ దొరికినంక వద్దామని ఆగిన!"

గడపల్లో బీడీలు చుడుతున్న చేతులు ఆగాయి. కిటికీలు తెరుచుకున్నాయి. ఋతుజ బయటికొచ్చి, అతన్ని చూసి, అమ్మ ముఖం చూసింది. వెళ్ళి అతని చేతుల్లోంచి డబ్బా అందుకుంది.

"లోపటికి రాండ్రి," అంది ఆరతి మెల్లగా.

"ఏంది?" నర్సప్ప చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

ఆరతి వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"లోపటికి రాండ్రీ!" అని కాలనీ అంతా మారుమోగేలా అరిచింది. "మీరింక యాడికి పోయేది లేదు!"