గులాబీ ఫోమ్ డబ్బా

కిటికీల మేస్త్రి పనల్లా చెక్కకీ గోడకీ మధ్య సందులు పూడ్చడం. ఊరందరి సందులూ పూడ్చాడు గానీ, సొంత వంటింట్లో సింకు కింద గొట్టం చుట్టూ ఉన్న పిడికిలంత కంతను మాత్రం అలాగే వదిలేశాడు.

"బొద్దింకలు ఊరేగింపుగా వస్తున్నాయి అల్లుడుగారూ" అని అత్త మంచం మీంచే దెప్పేది.

"రేపు చూస్తానండీ" అనేవాడు. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆ కంతలోంచి పొగ వచ్చింది. కింది అంతస్తులో వైర్లు అంటుకున్నాయి. తుంటి ఎముక ఆపరేషనై లేవలేని అత్తను భుజాన వేసుకుని మెట్ల మలుపు దాకా దిగాడు. కళ్ళు మండి, ఊపిరాడక, గోడ తడుముకుంటూ వెనక్కి ఎక్కాడు. తలుపు మూసి, తడిపిన దుప్పట్లు దాని కింద కుక్కాడు.

పనిలో ఉన్న భార్య ఫోన్ చేసింది. "అమ్మను తీసుకుని దిగిపో."

"దిగలేమే. మెట్ల నిండా పొగ. నాలుగో అంతస్తు, వెనక గది అని ఫైరింజన్ వాళ్ళకు చెప్పు."

అవతల ఏడుపు వినిపించింది. అతను ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లో పొగ నడుము దాకా దిగింది. పని సంచీలో సందులు పూడ్చే ఫోమ్ డబ్బాలు, పసుపువి మూడు, గులాబీది ఒకటి ఉన్నాయి. పసుపు ఫోమ్ నిప్పు తగిలితే కాగితంలా మండుతుంది. వాటిని తీసుకెళ్ళి బాత్రూంలో నీళ్ళ బకెట్లో ముంచాడు. గులాబీది వేడికి తట్టుకునే రకం. కానీ గట్టిపడ్డాకే. తడిగా ఉండగా దాని గ్యాసుకు నిప్పురవ్వ తగిలితే ఇల్లే అంటుకుంటుంది.

కంత దగ్గర చెయ్యి పెట్టాడు. పొగ వెచ్చగా ఉంది, మంట లేదు. పైకి రాదని నమ్మకమేముంది?

గదిలోంచి అత్త దగ్గుతూ పిలిచింది. "నాయనా, నువ్వు కిటికీలోంచి బయటి గొట్టం పట్టుకుని దిగిపో. నా కూతురికి మొగుడు కావాలి."

ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఊరుకోండి అత్తయ్యా. నన్నొక్కణ్ణే చూస్తే మీ అమ్మాయి గడప తొక్కనిస్తుందా?"

గొట్టం చుట్టూ నీళ్ళు చల్లాడు, తడి ఉంటేనే ఫోమ్ పొంగి గట్టిపడుతుంది. డబ్బా బాగా ఊపి, నేల మీద బోర్లా పడుకుని, గొట్టం వెనక నుంచి నింపడం మొదలుపెట్టాడు. గులాబీ నురగ మెల్లగా ఉబ్బింది. కంత ముప్పాతిక మూసుకుంది. అప్పుడు డబ్బా బుస్సుమని అయిపోయింది.

మిగిలిన సందులోంచి పొగ సన్నగా, మొండిగా వస్తూనే ఉంది. బూతులు తిడుతూ డబ్బా నేలకేసి కొట్టాడు. బకెట్లో పసుపువి ఉన్నాయి. చెయ్యి అటు పోబోయి ఆగింది. కింద మంట ఉంది. చొక్కా విప్పి, నీళ్ళలో ముంచి, మెలిపెట్టి, మిగిలిన సందులోకి వేలితో కుక్కాడు. వేళ్ళకు అతుక్కున్న నురగ ఊడదీస్తే తోలు లేచొచ్చింది.

అత్త గదిలోకి పోయి తలుపు వేసుకుని, ఆవిణ్ణి కిటికీ పక్కకి లాగి, తడి గుడ్డ ముక్కుకి పెట్టాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఆనుకున్నారు. ఎంతసేపో తెలియదు.

నిచ్చెన కిటికీకి తగిలాక గానీ అతనికి ఏడుపు రాలేదు. అత్తను ముందు దించారు.

మర్నాడు ఫైర్ మనిషి చెప్పాడు, కింది వంటిల్లు మసైపోయిందని, గొట్టం దగ్గర ఫోమ్ అడుగు పక్క బొగ్గయినా పైకి ఏదీ దాటలేదని. అతను తలూపాడు. సంతోషమేమీ అనిపించలేదు. చేసిన పని ఒక పూట ముందు చేసి ఉంటే, ఆసుపత్రిలో అత్త గొంతులో ఆ ఊపిరి గొట్టం ఉండేది కాదు కదా అనుకున్నాడు. ఆవిడ కోలుకుంటుందని డాక్టరు అన్నాడు. కోలుకుంది కూడా, చాలా నెమ్మదిగా.