మా బావ గిటార్లు

మా బావ పాడేవాడు, నేను మోసేవాణ్ణి. వ్యాను తోలడం, గిటారు పెట్టెలు దించడం, కచేరీ అయ్యాక మళ్ళీ ఎక్కించడం. నా పని అంతే. నాకు శ్రుతి తెలియదు. ఏ పెట్టె ఎంత బరువో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను.

పొలాల్లో, పడవల మీద జనం పాడుకునే పాటలను పట్టుకొచ్చి, వాటికి డ్రమ్ములూ కరెంటు గిటారూ తగిలించి వాయించాడు మా బావ. ముసలివాళ్ళు తిట్టారు. కుర్రవాళ్ళు ఎగిరారు. తరువాత ఆ కుర్రవాళ్ళూ ముసలివాళ్ళయ్యారు, అయినా ఎగరడం మానలేదు.

కరెంటు గిటారు బరువుకి నడుం పడిపోతోందని దాన్ని ఎప్పుడో డ్రమ్ములాయనకి ఇచ్చేశాడు. ఇంట్లో మిగిలినవి మూడు కర్ర గిటార్లు. పన్నెండు తీగలదాని పేరు గయ్యాళి. అది శ్రుతిలో ఉన్న రోజు తక్కువ. నల్లదాని పేరు పెద్దకోడలు. పెద్ద సభలన్నిటికీ అదే వెళ్ళేది. పొట్టిదానికి పేరు లేదు. రైల్లో ఒళ్ళో పెట్టుకుని పాటలు కట్టుకునేది దాని మీదే.

నిరుడు మా బావకి పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి పడిపోయింది. తీగలు నొక్కే చెయ్యి అదే. మా అక్క రాత్రనక పగలనక సేవ చేసింది. చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, సీసా మూత తీశాడు. "ఇక వాయించుకోండి, మీకు అంతకన్నా మందు లేదు" అంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే పెద్దకోడలి పెట్టె తెరిచాడు. తీగ నొక్కాడు. మోగలేదు, బుర్రుమంది. ఇంకా గట్టిగా నొక్కితే వేలు వణికింది. గయ్యాళిని తీశాడు. పొట్టిదాన్ని తీశాడు. అన్నీ అంతే. మూడు పెట్టెలూ మూసేసి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు.

"నా సత్తువ గుండీల వరకేరా. తీగ దాకా రాలేదు" అన్నాడు.

నేను లోపలికెళ్ళి మూడు పెట్టెలూ గోడవారకి సర్దాను. నాకు తెలిసిన పని అదే.

ఆ వారమే సంగీతం బడికి ఫోన్ చేసి, గిటార్లన్నీ ఇచ్చేస్తాను, వచ్చి పట్టుకుపొమ్మన్నాడు. అక్క భోజనం మానేసింది. బావ నన్ను పిలిచి, "నీ ఇంట్లో ఉన్నదాన్ని కూడా తీసుకురా. ఇస్తే అన్నీ పోవాలి. ఒకటి మిగిలితే దాన్ని చూస్తూ చావాలి" అన్నాడు.

నా ఇంట్లో ఉన్నది అతని మొదటి గిటారు. పాత సామాన్ల కొట్లో కొన్నది. తీగలు ఎత్తుగా ఉండి వేళ్ళు కోసేసేది. అందుకే దాన్ని రంపం అనేవాడు. ఇంకొకటి కొనుక్కున్నాక దీన్ని నా మొహాన పారేశాడు. అప్పటి నుంచి మా ముందుగది గోడకే ఉంది. మనవరాలు గోల చేస్తే ఈ మధ్యే కొత్త తీగలు వేయించాను.

బడివాళ్ళు మర్నాడు వస్తారనగా దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళాను. హాల్లో అక్క పెట్టెలను వరసగా పెట్టి దుమ్ము తుడుస్తోంది.

"తెచ్చావా రంపాన్ని? ఇటివ్వు, శ్రుతి చేస్తాను" అన్నాడు బావ.

"ఇచ్చేసేదానికి శ్రుతి ఎందుకండీ?" అంది అక్క.

"శ్రుతి లేకుండా ఇస్తే మీ తమ్ముణ్ణి ఇచ్చినట్టుంటుంది."

ఒక తీగ నొక్కి, దాని మోతకి పక్క తీగను సరిచూసుకోవడం అతని అలవాటు. అలవాటు కొద్దీ నొక్కాడు. టంగుమని మోగింది.

చెయ్యి తీసేశాడు. మా ఇద్దరి వంకా చూశాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి నాలుగు వేళ్ళూ వేసి మీటాడు. గది నిండిపోయింది.

అక్క చేతిలో గుడ్డ జారిపోయింది. అతను పడవవాళ్ళ పాట ఒకటి ఎత్తుకుని, సగంలో ఆపాడు.

"ఒరేయ్, ఇరవై ఏళ్ళప్పుడే నన్ను ఏడిపించింది ఇది. ఇది లొంగి, పెద్దకోడలు లొంగకపోవడమేంటి?"

పెద్దకోడల్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దాని మెడ వెంట ఒక కన్ను మూసి చూశాడు. చెయ్యి పోయిందన్న బెంగలో గిటారు వంక సరిగ్గా చూసింది లేదు.

"దీనికి పొట్టొచ్చిందిరా!"

నిజమే. ముందుపలక ఉబ్బి తీగలను పైకి ఎత్తేసింది. మిగతా రెండూ అంతే. పెట్టెలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మూలలోంచి తడిగుడ్డ ఒకటి లాగాడు.

"ఎవరు పెట్టారిది?"

"నేనే" అంది అక్క. "కర్ర ఎండితే పగులుతుంది, తడిగుడ్డ పెట్టమని మీరే చెప్పారుగా."

"ఎండాకాలంలో పెట్టమన్నానే తల్లీ!"

"మీరు మంచం మీద ఉంటే ఏ కాలమో నాకేం తెలుసు? పొద్దున్నే మీకు మాత్ర వేసి, వాటి గుడ్డలు తడిపేదాన్ని. వానల్లో కూడా మానలేదు."

మా బావ ఆ గుడ్డని పైకెత్తి చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇద్దరికీ ఒకేలా సేవ చేశావన్నమాట. నేను చిక్కిపోయాను, అవి తడి తాగి ఒళ్ళు చేశాయి!"

అక్క ఏడ్చేసింది. "నా మూలాన చెయ్యి పోయిందనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయారు."

"పోలేదుగా! ఏడుపాపి టీ పెట్టు. ఇవి నెమ్మదిగా ఆరితే వాటంతటవే దిగుతాయి. దిగనిది ఉంటే బాగుచేసేవాడి దగ్గరికి మీ తమ్ముడు మోస్తాడు. వాడికీ పని కావాలి."

ఫోన్ తీసి బడికి కొట్టాడు. "రేపు వ్యాను పంపకండి. అవునండీ, మాటిచ్చాను, తప్పుతున్నాను. చెయ్యికేం, బ్రహ్మాండంగా ఉంది. గిటార్లకే ఒంట్లో బాగాలేదు. కావాలంటే నేనే వచ్చి మీ పిల్లలకి వాయిస్తాను."

ఫోన్ పెట్టేసి రంపాన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు. పాట మీద పాట. టీ చల్లారిపోయింది. ఏడాదిగా మెత్తబడిన వేళ్ళ మీద తీగల గాట్లు ఎర్రగా దిగాయి. అవి మా ముందు చాపి చూపించాడు, కొత్త ఉంగరాలు చూపించినట్టు.

"అయ్యో, ఉండండి, నూనె రాస్తాను" అని లేచింది అక్క.

"నువ్వు కూర్చో! నూనె వద్దు, నీళ్ళు వద్దు, ఏమీ వద్దు. వేళ్ళకి కాయలు కాయనియ్యి."

అక్క కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను.