నిద్రపోతే ఆగిపోయే ఈల

కూతురు మేలుకుని ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఈల వినిపిస్తూనే ఉండేది. గాలి లోపలికి పీల్చినప్పుడల్లా గొంతులోంచి సన్నగా, తలుపు సందులోంచి గాలి దూరినట్టు, "హీ..." అని. వదిలేటప్పుడు మాత్రం ఏమీ ఉండేది కాదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గొంతులో రెండు చిన్న తెరలుంటాయట. గాలి పీల్చేటప్పుడు అవి తెరుచుకోవాలి. ఈ పిల్లకి సరిగ్గా అప్పుడే మూసుకుంటున్నాయి. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బట. లక్కీ డ్రాలో ఏనాడూ ఒక స్టీలు గిన్నె కూడా తగలని ఇంటిని ఇది మాత్రం వెతుక్కుంటూ వచ్చింది.

కూతురు పని చేసేది బ్రెడ్డు ఫ్యాక్టరీలో. తెల్లవారుజాము షిఫ్టు. అక్కడివాళ్ళు ఆమెకి 'కుక్కర్' అని పేరు పెట్టారు.

"కుక్కర్ వచ్చిందర్రా! ఇవాళ ఎన్ని విజిల్సే?"

"లెక్కపెట్టే డ్యూటీ మా అమ్మది. ఆవిణ్ణే అడగండి" అనేదట కూతురు. ఇంటికొచ్చి అదంతా చెప్పి పడీపడీ నవ్వేది. తల్లికి నవ్వొచ్చేది కాదు.

ఆమెకి ఈలంటే భయం లేదు. ఈల ఆగితేనే భయం. మధ్యాహ్నం కూతురు వచ్చి, నాలుగు ముద్దలు తిని, మంచమెక్కేది. నిద్రపట్టిన మరుక్షణం ఈల కత్తిరించినట్టు ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం పక్కగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్న తల్లి వీపు మీద పాకేది. ఇంక ఆమె చెయ్యి ఆడేది కాదు. లేచి వెళ్ళి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చిన్న దారప్పోగు కూతురి ముక్కు కింద పట్టుకునేది. దారం కదిలితే ఒకటి. మళ్ళీ కదిలితే రెండు. వంద దాటితే గానీ గుండె కుదుటపడేది కాదు. ఒక్కోసారి ఐదువందలైనా పడేది కాదు.

ఓ మధ్యాహ్నం కూతురు ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. జానెడు దూరంలో తల్లి మొహం, మధ్యలో ఊగుతూ దారం.

"అమ్మా! నువ్వలా చూస్తుంటే నేను పోయినట్టే ఉంది నాకు!"

"ఛీ ఛీ, అవేం మాటలే!" అని తల్లి దారం పిడికిట్లో దాచేసుకుంది.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఇంకో వింత మొదలైంది. పొద్దున్నపూట, కూతురు ఫ్యాక్టరీలో ఉన్న వేళ, తల్లి ఒక్కతే మిషను తొక్కుతుంటే పక్కగదిలోంచి వచ్చినట్టు "హీ..." అంది. తొక్కడం ఆపి చెవులు రిక్కించింది. ఏమీ లేదు. వెళ్ళి చూస్తే మడతపెట్టిన దుప్పటి, మంచం కింద పాత చెప్పులు, అంతే. తిరిగొచ్చి సూదిలోకి దారం ఎక్కిస్తుంటే మళ్ళీ "హీ..." ఈసారి మరీ దగ్గరగా, మెడ వెనకనే ఎవరో నిలబడ్డట్టు.

కూతురికి చెబితే వేళాకోళం చేసింది. "నేను లేనప్పుడు నా బదులు డ్యూటీ చేస్తోందేమోలే. పాపం, దానికీ ఓ కంచం పెట్టు."

తల్లికి మాత్రం అది పిల్లని తీసుకుపోవడానికి ముందుగా వచ్చి ఇంట్లో కాచుక్కూర్చున్నట్టే అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అంది. "నిద్రలో ఈల లేకపోతే ఇది కండరం తప్పుగా ముడుచుకునే జబ్బే. దాంట్లోకి చిన్న ఇంజెక్షన్ వేస్తే కొన్ని నెలలు వదులుతుంది. నిద్రలోనూ ఉంటే మాత్రం వేరే సంగతి. మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి రావచ్చు. ఓ మధ్యాహ్నం ఫోన్లో రికార్డు చేసి తీసుకురండి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు."

"నిద్రలో ఉండదమ్మా. నా చెవులతో విన్నాను" అంది తల్లి.

"మీ చెవుల్ని ఫైల్లో పెట్టలేను కదమ్మా."

ఇంటికి రాగానే కూతురు తల్లి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "ఒట్టెయ్యి. గదిలోకి రానని."

"నీ మీద ఒట్టు తల్లీ. రాను."

కూతురు దిండు పక్కన ఫోను పెట్టుకుని పడుకుంది. ఆ ఒట్టు పదకొండు నిమిషాలు నిలిచింది. పన్నెండో నిమిషంలో తల్లి పిల్లిలా లోపలికెళ్ళి, స్టూలు మీద కూర్చుని, దారం పట్టుకుంది. పెదవి విప్పలేదు. కూతురు లేచేలోగా బయటపడింది.

మూడోరోజు కూతురు డాక్టరమ్మ బల్ల మీద ఫోను పెట్టి రికార్డింగు నొక్కింది. మొదట కూతురి ఈల, అది ఆగిపోయాక ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపు అంతే. తల్లి మొహం విప్పారింది. అప్పుడు ఫోనులో "టక్" అని చిన్న చప్పుడైంది. వెంటనే "హీ..." అని వినిపించింది. కాసేపాగి మళ్ళీ "హీ..."

డాక్టరమ్మ కాగితం ముందుకి లాక్కుని సర్జనుకి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. కూతురి చెయ్యి మెల్లగా మెడ మీదికి పోయింది. ఆ పిల్ల ఈల గదంతా నిండిపోయింది.

ఆ 'టక్' ఎవరిదో తల్లికి తెలుసు. కూర్చున్నప్పుడల్లా ఆమె కుడి మోకాలు అలాగే టక్కుమంటుంది, వీధిలో సగంమందికి తెలుసు. చెప్తే ఒట్టు తగులుతుంది. చెప్పకపోతే కత్తి తగులుతుంది. రెండూ పిల్లకే. పెన్ను సగం కాగితం దాటింది.

"ఆపండమ్మా! ఆ మోకాలు నాది!"

డాక్టరమ్మ తలెత్తింది. కూతురు తల్లి వైపు తిరిగింది. "అంటే వచ్చావన్నమాట!"

"పదకొండు నిమిషాలు ఆగానే తల్లీ..."

"మోకాలు మీదైతే, మరి ఆ ఈల ఎవరిది?" అంది డాక్టరమ్మ.

"నాకేం తెలుసమ్మా? నేను నోరు కూడా విప్పలేదు. అది... అది మా ఇంట్లో ఉంటోంది."

డాక్టరమ్మ పెన్ను మూసి, "ఇక్కడే మళ్ళీ రికార్డు చేద్దాం" అంది. కూతురు నాలుగింటికే లేచి షిఫ్టు చేసొచ్చింది, ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర. పక్కగదిలో మంచం మీద పడుకోబెట్టి, ఫోను పెట్టి, తలుపు మూశారు. తల్లిని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

లోపల ఈల పలచబడి, ఆగిపోయింది. తల్లి వేలికి దారం చుట్టుకుంది. లేవకూడదు. ఒకటి, రెండు... దేన్ని లెక్కపెట్టాలి?

"హీ..."

పక్కనే. బెంచీ మీద ఇంకెవరూ లేరు. ఇంట్లోది ఇక్కడికీ వచ్చింది! తలుపు దాకా పోయిందంటే మళ్ళీ ఫోనులోకి దూరిపోతుంది. తల్లి చటుక్కున లేచి, తలుపుకి వీపు తిప్పి, వరండా చివరికి నడిచింది. ఈల వెంట వచ్చింది. మెట్లు దిగింది. ఈల కూడా దిగింది. "నాతో రా, నాతోనే రా, దాని జోలికి పోకు" అని గొణుక్కుంటూ ఆమె గేటు దాకా వెళ్ళి, పిల్ల ఊపిరి లెక్కపెట్టకుండా, ఎండలో నిలబడింది.

చాలాసేపటికి కూతురు పరుగున వచ్చింది. "అమ్మా! నిద్రలో ఒక్క ఈల కూడా లేదుట! ఇంజెక్షన్ చాలంది!"

తల్లి కళ్ళనీళ్ళతో ఏదో అనబోయింది. కూతురు చెయ్యెత్తి ఆపింది. ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఈల ఇంకా వినిపిస్తోంది.

కూతురు దగ్గరికొచ్చి, తల్లి వేలికి చుట్టుకున్న దారం మెల్లగా విప్పి, తల్లి ముక్కు కింద పట్టుకుంది. "హీ..." అన్నప్పుడల్లా దారం లోపలికి వంగుతోంది.

"ఒకటి" అంది కూతురు.