కెప్టెన్ పాపిడి

ఆ వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా అదే మలుపులో, అదే రెండు కుర్చీల సెలూన్ నడుపుతోంది. మొదటి కుర్చీ పనికి, రెండోది అత్తగారికి. అత్తగారికి ఎనభై దాటాయి. జుట్టుతో పనేమీ లేకపోయినా, ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనని పొద్దున్నే కోడలి వెంట వచ్చి ఆ కుర్చీలో కాళ్లు ముడుచుకుని స్థిరపడేవారు. గిరాకీ ఎక్కువైన రోజున కాస్త బెంచీ మీదకి మారమంటే, సరిగ్గా ఆ మాటే వినిపించేది కాదు ఆవిడకి.

సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి కొట్టు తీరే మారిపోయేది. అద్దం పైన బిగించిన టీవీలో 'నాలుగో పీరియడ్' మొదలయ్యేది. పందొమ్మిదేళ్లుగా వస్తున్న సీరియల్ అది. ఒక హైస్కూలు, అందులో చదివే పిల్లలు, వాళ్ల స్నేహాలు, అలకలు, పరీక్షలు, వాళ్లను భరించే మేష్టర్లు. అంతే కథ. ఆ అరగంటా కత్తెరక్క గడ్డం పని ఒప్పుకునేది కాదు. ఒకసారి హెడ్‌మిస్ట్రెస్ రాజీనామా చేసిన రోజున బ్యాంకు క్యాషియర్‌గారి గొంతు దగ్గర కత్తి ఆగిపోయింది. దానితోపాటు ఆయన గుండె కూడా ఆగినంత పనైంది. అప్పట్నుంచి ఆ వేళకి జుట్టుకు రంగు వేయించుకుని ఆరేదాకా కూర్చోవలసిన వాళ్లే వచ్చేవారు.

సీరియల్లో మనుషులు మారడం ఆమెకు కొత్త కాదు. బడి అన్నాక పిల్లలు పాసై వెళ్లిపోతారు, కొత్తవాళ్లు చేరతారు. మొదటి బ్యాచ్ వెళ్లిపోయినప్పుడు మాత్రం రెండు రోజులు తిండి సయించలేదు. కొత్త పిల్లలు గేటులోంచి లోపలికి వస్తుంటే, తను ఖాళీ చేసిన ఇంట్లో ఎవరో మేకులు కొడుతుంటే చూసినట్టు చూసింది. నెల తిరగకుండానే వాళ్లలో ఒక బొద్దు పిల్లకి లెక్కల్లో తప్పుతుందేమోనని బెంగ పెట్టుకుంది.

అసలు చిక్కు వెళ్లిపోయేవాళ్లతో కాదు, వెళ్లనివాళ్లతోనే అని ఆమె వాదన. మూడో బ్యాచ్ జనానికి బాగా నచ్చిందని చానల్ వాళ్లు ఆ పిల్లల్ని ఏడేళ్లు అదే తరగతిలో కూర్చోబెట్టారు. మిగతావాళ్లు చూసీ చూడనట్టు పోయారేమో గానీ, జుట్టు పని తెలిసిన మనిషికి ఆ వీలు లేదు. పదో తరగతి కుర్రాడికి కణతల దగ్గర నెరుపు మొదలైంది. ఫస్టు ర్యాంకు వాడికి నడినెత్తిన పలచబడితే అక్కడ నల్లటి పొడి అద్దేవారు. "ఈసారైనా పాస్ చేసి పంపించండయ్యా, వాళ్లకీ పెళ్లీ పిల్లలూ ఉండొద్దూ" అని ఆమె టీవీతోనే మొరపెట్టుకునేది.

ఇవన్నీ ఓర్చుకుంది. ఐదో బ్యాచ్‌లో జరిగినదాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఆ బ్యాచ్‌కి ప్రాణం కెప్టెన్. క్లాసు లీడరు కాబట్టి అందరూ వాణ్ణి అలాగే పిలిచేవారు. గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. ఎడమ పాపిడి. ఆలోచనలో పడితే నుదుటి మీది జుట్టును మణికట్టుతో వెనక్కి తోసుకునేవాడు. ఒకరోజు వాడు సైకిల్ మీంచి పడ్డాడు. ముఖం నిండా కట్లతో ఎనిమిది రోజులు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. తొమ్మిదో రోజు డాక్టరు కట్లు విప్పేసరికి లోపల వేరే కుర్రాడు ఉన్నాడు. పాత నటుడు సినిమాల్లోకి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. తల్లి వేషం వేసే ఆవిడ మాత్రం ఏ తడబాటూ లేకుండా ఆ కొత్తవాణ్ణి గుండెలకు హత్తుకుని, నీకేం కాలేదు నాన్నా అంది.

"కాకపోవడమేమిటి" అంది కత్తెరక్క, చేతిలో దువ్వెన అలాగే ఉండిపోగా. "మనిషికి మనిషే మారిపోతే."

అత్తగారికి ఆ గొడవే అర్థం కాలేదు. దెబ్బ తగిలింది కదా, పిల్లాడు కాస్త చిక్కాడు అన్నారు. చిక్కడం కాదని, ముక్కు వేరు, చెవులు వేరు, ఎత్తు కూడా నాలుగు వేళ్లు ఎక్కువని కోడలు ఓపిగ్గా చెప్పుకొచ్చింది. అత్తగారు అంతా విన్నారు.

"పడి లేచినవాడు పడకముందులా ఉంటాడా ఏమే" అన్నారు చివరికి. "ఆ మాటకొస్తే నువ్వు కాపురానికొచ్చిన రోజున ఇలాగే ఉన్నావా? నేనేమన్నా అన్నానా?"

పక్కన రంగు ఆరబెట్టుకుంటున్న క్యాషియర్‌గారు దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగారు.

ఆ ఆదివారం కత్తెరక్క చానల్‌కి ఉత్తరం రాసింది. మొదటి పేజీ నిండా కోపమే. కొత్త అబ్బాయి ముఖం తొక్క తీసిన కోడిగుడ్డులా ఉందని, ఏ భావమూ దాని మీద నిలవకుండా జారిపోతోందని రాసింది. పాత కెప్టెన్ ఎవరు ఏమడిగినా ఒక్క క్షణం ఆగి జవాబిచ్చేవాడని, ఇతను మాత్రం అడగడం పూర్తవకముందే జవాబు పట్టుకుని సిద్ధంగా ఉంటున్నాడని రాసింది. రెండో పేజీకి వచ్చేసరికి కోపం చల్లారి వృత్తి పైకి వచ్చింది. కెప్టెన్‌ది ఎడమ పాపిడి, కొత్తవాడికి కుడివైపు తీస్తున్నారు, ముఖం మారినా కనీసం పాపిడి మారకూడదని రాసి, కింద మూడు తలల బొమ్మలు గీసింది. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. పోస్టు డబ్బాలో వేశాక మనసు తేలికపడింది. ఇక ఆ సీరియల్ చూడనని భర్తతో ఖండితంగా చెప్పింది. సోమవారం నాలుగున్నరకి టీవీ పెట్టింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం కొట్టుకి ఫోన్ వచ్చింది. అవతల మనిషి తను 'నాలుగో పీరియడ్'లో పిల్లల జుట్టు చూసుకునేవాణ్ణని చెప్పాడు. క్యాషియర్‌గారే గొంతు మార్చి ఆట పట్టిస్తున్నారనుకుని ఆమె పెట్టేయబోయింది. ఇంతలో ఆయన, మీరు పైనుంచి గీసిన బొమ్మలో సుడి ఎక్కడుందో వేయలేదండీ అన్నాడు. అలాంటి మాట జుట్టు పట్టినవాడు తప్ప ఇంకొకడు అనడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

కుర్రాడికి నుదుటి పైన ఎడమవైపు సుడి ఉందట. అక్కడ పాపిడి తీస్తే వెంట్రుకలు చీపురు పుల్లల్లా లేచి నిలబడుతున్నాయట. జెల్లు పూస్తే దీపాల వేడికి గంటలో కరిగి కారుతోందట. అందుకే గత్యంతరం లేక కుడివైపుకి మార్చాడట. సుడి దగ్గర ఎంత పొడవు ఉంచుతున్నారని అడిగింది. అర అంగుళం అన్నాడు. ఆమె నెత్తి కొట్టుకుంది.

"దాన్ని అణగదొక్కాలని చూస్తే మరీ మొండికేస్తుందండీ. మూడు వారాలు అక్కడ కత్తెర పెట్టకండి. కాస్త పెరిగితే దాని బరువుకి అదే పడుకుంటుంది."

మూడు వారాల తర్వాత ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. జుట్టయితే పెరిగింది గానీ తనకు చెయ్యి ఆడటం లేదని, బుధవారం షూటింగ్ ఉంది, వీలైతే ఒక్కసారి వచ్చి కత్తెర వేసి చూపించమని అడిగాడు.

బుధవారం సెలూన్ తలుపుకి 'ఈ రోజు సెలవు' అని కాగితం అంటింది. భర్త తన సరుకుల వ్యాన్‌లో దింపుతానన్నాడు. అత్తగారు అందరికంటే ముందే తయారై ముందు సీట్లో కూర్చున్నారు. కత్తెరక్క తన సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక అట్టపెట్టెల మధ్య సర్దుకుంది.

స్టూడియో ఊరి అంచున పెద్ద రేకుల గోదాం. ఆమె లోపలికి అడుగుపెట్టింది. పందొమ్మిదేళ్లుగా తెలిసిన వరండా ఎదురుగా ఉంది. అవే పచ్చ గోడలు, అదే నోటీసు బోర్డు, అదే వంకర గంట. గోడలు మూడే ఉన్నాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట దీపాలూ తీగలూ, పేపరు చదువుకుంటున్న ఒక మనిషీ ఉన్నారు. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలో పరుగెత్తుకుంటూ ఎక్కిన మేడమెట్లు లెక్కపెడితే ఆరు. ఆపైన ఏమీ లేదు. ఎక్కినవాళ్లు అవతల వేసిన పరుపు మీదకి దూకి తిరిగొస్తారట. ఆమెకు నవ్వూ వచ్చింది, కొంచెం దిగులూ వేసింది. అత్తగారు మాత్రం బడి శుభ్రంగా ఉంచుకున్నారని మెచ్చుకున్నారు.

మేకప్ గదిలో అద్దం ముందు కొత్త కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. ఆమె రాగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కూర్చోమని భుజం మీద గుడ్డ కప్పి, జుట్టు తడిపి, వేళ్లతో సుడి వెతికింది. టీవీలో రెండు నెలలుగా తిట్టుకున్న తల చేతిలోకి వచ్చాక మామూలు తలే. మెత్తటి జుట్టు, మాడు మీద చిన్నప్పటి గాటు, మెడ బిగుసుకుపోయి ఉంది. భయపడుతున్న పిల్లల మెడలు అలాగే ఉంటాయని ఆమెకు తెలుసు.

నాలుగు కత్తెర్లు పడ్డాక కుర్రాడు అద్దంలోంచి ఆమె వైపు చూశాడు.

"కోడిగుడ్డు ఉత్తరం రాసింది మీరేనాండీ?"

కత్తెర ఆగిపోయింది. రెండో పేజీ జుట్టు మనిషికి చేరిందంటే మొదటి పేజీ ఎక్కడికో చేరే ఉంటుందన్న ఆలోచన ఇంతవరకూ ఆమెకు తట్టనే లేదు. కుర్రాడు అద్దం అంచున గుచ్చిన కాగితం చూపించాడు. ఆమె దస్తూరీయే. మడతల దగ్గర అరిగిపోయి ఉంది.

చెవులు వేడెక్కాయి ఆమెకు. అతని గొంతులో కోపమేమీ లేదు. తనకు సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయని చెప్పాడు. అన్నిట్లోనూ ఒకటే మాట, నువ్వు వెళ్లిపో, పాతవాణ్ణి రానివ్వు అని. ఏం తక్కువైందో చెప్పిన ఉత్తరం మాత్రం ఇదొక్కటేనట.

"జవాబు చెప్పేముందు ఆగాలని రాశారు కదండీ. ఇప్పుడు లోపల ఒకటి, రెండు అని అనుకుని, అప్పుడు మాట్లాడుతున్నాను."

ఆమెకు గుర్తొచ్చింది. పదిహేను రోజులుగా టీవీలో వాడు కాస్త కుదురుకున్నట్టు అనిపించిన మాట నిజమే. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చి, ఎవరితోనూ అనలేదు.

"ఆ కోడిగుడ్డు మాట కొట్టేస్తాను. పెన్ను ఉంటే ఇవ్వు బాబూ" అంది.

"ఉండనివ్వండి. మా అమ్మ కూడా పాత అబ్బాయే బాగున్నాడంది."

ఆమె పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వాక మెడ కొంచెం వదులైంది. సుడి మధ్యలోంచే పాపిడి తీసి, తడి ఉండగానే మొదళ్లను ఒకసారి అటు, ఒకసారి ఇటు అదిమి ఆరబెట్టింది. వెంట్రుకలు బుద్ధిగా పడుకున్నాయి. పక్కన నిలబడి చూస్తున్న జుట్టు మనిషి తన చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని అత్తగారు లోపలికి వచ్చారు. కుర్రాణ్ణి చూడగానే ముఖం విప్పారింది. దగ్గరికి వెళ్లి అతని మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఎలా ఉంది కెప్టెన్, దెబ్బ పూర్తిగా తగ్గిందా? ఆ సైకిలు ఇక ముట్టుకోకు నాయనా. ఆ ఎనిమిది రోజులూ నాకు నిద్ర లేదు."

కత్తెరక్క సర్దిచెప్పబోయి ఊరుకుంది. రెండు నెలలుగా దేశమంతా ఎవడ్రా వీడు అని చూస్తున్న ఆ కుర్రాడు, తనని ఒక్క రోజు కూడా వేరే మనిషి అనుకోని ఆ ముసలావిడని అలా చూస్తూ ఉండిపోయాడు. ఒక్క క్షణం ఆగాడు. ఈసారి ఒకటి, రెండు అనుకున్నట్టు లేదు.

"తగ్గిపోయింది అమ్మమ్మా" అన్నాడు. "ఇప్పుడు మెట్లు కూడా ఎక్కుతున్నాను."

ఆ మధ్యాహ్నం వాళ్లు తీసిన సీను పెద్దదేమీ కాదు. పరీక్షలో కాపీ కొట్టిన స్నేహితుడి పేరు చెప్పమని హెడ్‌మిస్ట్రెస్ కెప్టెన్‌ని వరండాలో నిలదీస్తుంది. వాడు చెప్పడు. అత్తగారికి కుర్చీ వేశారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ వంక కటువుగా చూస్తూ కూర్చున్నారు. కత్తెరక్క దీపాల వెనక నిలబడింది గానీ, ఎవరో పొడుగాటి మనిషి అడ్డం రావడంతో కుర్రాడి మోచెయ్యి తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ సీను టీవీలో వచ్చే రోజుకి వార్త వీధంతా పాకింది. నాలుగింటికే సెలూన్ నిండిపోయింది. బెంచీ చాలక క్యాషియర్‌గారు నిలబడ్డారు. కత్తెరక్క రిమోట్ పట్టుకుని, అందరూ పాపిడి చూడాలని, నుదుటి దగ్గర్నుంచి ఎలా వెళ్తుందో గమనించమని ముందే హెచ్చరించింది.

వరండా వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్న అడిగింది. కెప్టెన్ తల దించుకున్నాడు. ఎత్తాడు. "చెప్పలేను మేడమ్. వాడు నన్ను నమ్మాడు" అన్నాడు గొంతు పెంచకుండా. అంతే, ప్రకటనలు వచ్చేశాయి.

కాసేపటికి క్యాషియర్‌గారు గొంతు సవరించుకుని, ఇదే పాత కుర్రాడైతేనా అని మొదలుపెట్టారు. కత్తెరక్క ఆయన వైపు తిరిగి, ఏమైందండీ ఈ కుర్రాడికి, నిక్షేపంగా చేశాడుగా అంది. ఆ మాటలో ఎంత పదునుందో, ఆయన వెంటనే అవునవును, నిక్షేపంగానే చేశాడు అన్నారు.

"మరి పాపిడి ఎలా ఉందక్కా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

సీను మొదలైనప్పట్నుంచీ ఆమె వాడి కళ్లే చూసింది తప్ప జుట్టు వంక చూడనే లేదు. అద్భుతంగా ఉందని చెప్పేసింది.

మర్నాడు పొద్దున పదింటికి పునఃప్రసారం. కొట్టులో అత్తగారు తప్ప ఎవరూ లేరు, ఆవిడ కునుకు తీస్తున్నారు. కత్తెరక్క స్టూలెక్కి టీవీకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. పాపిడి చక్కగానే ఉంది. వెనకాల మాత్రం వెంట్రుకవాసి ఎడమకి పోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.