గుర్తు లేని రొట్టెలు

పిండి ముద్దలు పలక మీద వరసగా పెట్టి, ఒక్కోదాని నడినెత్తిన మా ఇంటి పాత తాళంచెవి తలతో మూడు నొక్కులు నొక్కాలి. తర్వాత గుడ్డ కప్పి వీధి చివర, వాడంతటికీ రొట్టెలు కాల్చే బట్టీకి చేర్చాలి. మా సెఫ్రూ ఊళ్లో ఎవరి రొట్టె ఏదో బట్టీ నడిపే అల్లాల్ చూడగానే చెప్పేస్తాడు. ఒకరిది సోంపు గింజలు, ఒకరిది ఫోర్కు గీతలు, మాది మూడు నొక్కులు. పెళ్లయి వచ్చిన మొదటి రోజునే మా అత్తయ్య లల్లా కెంజా ఆ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇది ఈ ఇంటి పరువు బతూల్, జాగ్రత్త" అంది. నేనేదో పెత్తనం ఇచ్చేశారనుకుని మురిసిపోయాను. ఇంటికి తాళం వేసే అసలు చెవి ఆవిడ నడుముకే ఉంది. నాకిచ్చింది ఎప్పుడో మార్చేసిన తలుపుది.

ఆ మూడు నొక్కులే నా కొంప ముంచాయి.

మా ఆడపడుచు ఘీతా కాపురం పక్క వీధిలో, కూర్చోవడం మాత్రం మా ఇంట్లో. ఒకరోజు, జ్వరంగా ఉందని తామూ అవ్వని చూడ్డానికి వెళ్లింది. తామూ అవ్వకి రెండు కళ్లూ కనిపించవు. మేనల్లుడు సీ మఆతీ దగ్గర ఉంటుంది. ఆయన బడిపంతులు, భార్య పోయింది, మళ్లీ చేసుకోలేదు. ఆ ఇంట్లో బల్ల మీద గుడ్డ కింద మూడు నొక్కుల రొట్టె కనబడింది మా ఘీతాకి. అవ్వా, ఇదెక్కడిదీ అని మంచంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగొచ్చుగా? అడిగితే కథ అక్కడే అయిపోతుంది మరి. అడక్కుండా తిన్నగా బట్టీకి వెళ్లింది. వాడలో ఆడవాళ్లందరూ రొట్టెల కోసం ఎదురుచూస్తున్న వేళ, "మా వదిన చేతి రొట్టె చాలా దూరమే నడుస్తోందమ్మా! పంతులుగారి బల్లెక్కి కూర్చుంది" అంది. అందరూ పకాలున నవ్వారట. నేను నా పలక తెచ్చుకోడానికి వెళ్లేసరికి ఆ నవ్వు ఇంకా వాళ్ల మొహాల మీదే ఉంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ నవ్వాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

సాయంత్రం నడవాలో పంచాయితీ పెట్టారు. మా ఆయన అబ్దుల్‌హఖ్ జెల్లాబాలు, అంటే కాళ్లదాకా ఉండే అంగీలు, కుట్టే దర్జీ. దుకాణం మూసి తొందరగా వచ్చాడు, నా మొహం చూడకుండా కూర్చున్నాడు.

"నిజం చెప్పు. ఆ రొట్టె వాడింటికి ఎలా పోయింది?"

"నేను పంపలేదు. దేవుడి మీద ప్రమాణం, పంపలేదు."

"అయితే కాళ్లొచ్చి నడిచిపోయిందా వదినా?" అంది ఘీతా.

"ఆ ఇంట్లో తామూ అవ్వ కూడా ఉంటుంది కదా. ఎవరైనా ఆవిడకి ఇచ్చారేమో."

"చూశావా అన్నయ్యా, పాపం ఆ ముసల్దాన్ని అడ్డం పెట్టుకుంటోంది!"

నేను అత్తయ్య వైపు తిరిగాను. "అత్తయ్యా, రంజాన్ పండగ అయిన దగ్గర్నుంచీ రోజూ ఒక రొట్టె ఎక్కువ చెయ్యమన్నది మీరే కదా. ఎవరికని అడిగితే నీకెందుకన్నారు. బట్టీ నుంచి పలక వచ్చేసరికి ఒకటి తక్కువే ఉండేది, మీకు తెలుసు."

ఆవిడ చేతిలో జపమాల తిరుగుతోంది. ఒక్క పూస దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది.

"చెయ్యమన్నాను. పంతులింటికి పంపమన్నానా?" అంది.

అప్పుడు నాకంతా అర్థమైపోయింది. రంజాన్ నెలంతా ఆవిడకి మధ్యాహ్నం పూట మందుబిళ్లా నీళ్లూ ఒక రొట్టె ముక్కా లోపలి గదిలోకి పట్టుకెళ్లింది నేనే. షుగరు ముదిరింది, రోజా ఉంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. జబ్బు మనిషికి దేవుడే సెలవిచ్చాడు, అందులో తప్పూ లేదు సిగ్గూ లేదు. కానీ మా అత్తయ్య వాడలో అందరికీ రోజాలు నేర్పిన మనిషి. ఘీతా కడుపుతో ఉన్నప్పుడు రోజా వదిలేసిందని ఏడాది పాటు దెప్పిన మనిషి. అందుకని తలుపేసుకుని తినేది, మూతి తుడుచుకునేది, సాయంత్రం మసీదులో బాంగు వినగానే అందరికంటే ముందు ఖర్జూరం నోట్లో వేసుకుని "అల్హమ్దులిల్లా, ఎండ ఎక్కువైంది ఈసారి" అనేది. "నీ కడుపులోనే ఉండాలి" అని నా దగ్గర మాట తీసుకుంది. అలా ఉండలేనివాళ్లు వదిలేసిన ఒక్కో రోజాకి ఒక బీద ప్రాణికి తిండి పెట్టాలి. ఆ ఎక్కువ రొట్టె అదే అయ్యుండాలి. రోజూ పలకలోంచి ఒకటి తీసి ఎవరైనా బీదవాళ్లకి ఇయ్యి, నా పేరు చెప్పకు అని అల్లాల్‌తో అని ఉంటుంది. వాడు తనకి తెలిసిన బీద ప్రాణికి ఇచ్చాడు.

నాలుక చివరిదాకా వచ్చింది. అనేద్దును. కానీ ఆవిడ అల్లాల్‌తో చెప్పడం నేను కళ్లారా చూశానా? లేదు. ఊహించాను. ఘీతా కూడా ఒక రొట్టె చూసి మిగతాదంతా ఊహించుకుంది. చూడనిది చూసినట్టు అంటే నాకూ దానికీ తేడా ఏముంటుంది? పైగా మాటిచ్చాను. ఆవిడే నోరు విప్పుతుంది, రేపు కాకపోతే ఎల్లుండి, దేవుడంటే భయం ఉన్న మనిషి కదా అనుకున్నాను. "నేను పంపలేదు. అంతే" అని లేచి వెళ్లి అంట్లు తోముకున్నాను.

ఆవిడ నోరు విప్పలేదు. నన్ను బట్టీకి వెళ్లొద్దన్నారు. పిండి నేనే పిసకాలి, పలక మాత్రం ఘీతా మోస్తుంది. నా చేతులు పనికొస్తాయి, నా మొహం పనికిరాదు. ఎక్కువ రొట్టె ఇంక చెయ్యొద్దని అత్తయ్య గోడ వైపు చూస్తూ చెప్పింది. మా ఆయన దుకాణంలోనే పడుకోవడం మొదలుపెట్టాడు, పొద్దున వచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా నా మంచం మీద జెల్లాబాలు పడేసి వెళ్లేవాడు. వాటికి పట్టుదారంతో గుండీలు అల్లేది నేనే, పెళ్లయిన నాటి నుంచీ. చూసినవాళ్లందరూ అబ్దుల్‌హఖ్ చేతిలో ఏముందో గానీ అంటారు, ఆయన వినయంగా తలొంచుకుంటాడు. నన్ను నమ్మడు గానీ నా గుండీల్ని నమ్ముతాడు. ఆ గుండీలు ఊడిపోయేలా అల్లుదామా అని ఒకరోజు అనిపించింది కూడా. అల్లలేదు, నాకు చెడ్డపని చేతకాదు. అత్తయ్యకి మందుబిళ్లలు మాత్రం వేళ తప్పకుండా ఇస్తూనే ఉన్నాను. ఆవిడ నా కళ్లలోకి చూడకుండా గ్లాసు అందుకునేది.

ఒకసారి ధైర్యం చేసి మా ఆయనతో అన్నాను, "అల్లాల్‌ని అడగండి. రొట్టె ఆయన చేతి మీదుగానే కదా పోయింది."

"నా పెళ్లాం రొట్టె ఎవడింటికి పోతోందిరా అని వాణ్ని అడగమంటావా? నా పరువేం కావాలి?"

"నా పరువు పోయింది కదా, దానికేమంటారు?"

"ఆ నోరే తగ్గించుకో అనేది. మీ అన్నయ్యకి కబురు పెట్టాను. శుక్రవారం నమాజయ్యాక వచ్చి తీసుకెళ్తాడు. పిల్ల ఇక్కడే ఉంటుంది."

పిల్ల ఇక్కడే ఉంటుందట! నా ఇల్హామ్. పక్కింటి పిల్లలు ఏమన్నారో, ఆ రోజే తల దువ్వుతుంటే అడిగింది, "అమ్మా, నువ్వు చెడ్డదానివా?" అని. "కాదమ్మా" అన్నాను. "మరి నానమ్మ ఎందుకు కాదని చెప్పట్లేదు?" అంది. ఆ ప్రశ్న నేనూ రోజూ నమాజు చాప మీద కూర్చుని అడుగుతున్నాను తల్లీ అని పైకి అనలేకపోయాను.

నిజంగానే అడిగేదాన్ని. నుదురు నేలకి ఆనించి ఏడ్చేదాన్ని. యా రబ్బీ, నీకు తెలుసు, నీకొక్కడికి తెలిస్తే చాలదు, వీళ్లకీ తెలియజెయ్యి అని. మా నాయనమ్మ నా చిన్నప్పుడు పదే పదే చెప్పేది: ప్రవక్తగారి భార్య, విశ్వాసుల తల్లి ఆయిషా మీద కూడా ఇలాంటి నిందే వేశారు. ఏడ్చి ఏడ్చి గుండె పగిలిపోతుందేమో అనుకున్నారట. చెయ్యని తప్పు ఒప్పుకోను, చెయ్యలేదంటే మీరు నమ్మరు, ఇంక నాకు ఓర్పే దిక్కు అని గోడ వైపు తిరిగి పడుకున్నారట. చివరికి ఆవిడ ఏ పాపమూ ఎరగదని ఆకాశం నుంచే మాట దిగింది. అప్పుడు తల్లి, లేచి నీ భర్తకి కృతజ్ఞతలు చెప్పుకో అంటే, నేను దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను అన్నారట! ఇక్కడికి వచ్చేసరికి మా నాయనమ్మ కళ్లు మెరిసేవి. అందరూ ఆవిడ ఏడుపు గుర్తుపెట్టుకుంటారు బతూల్, నువ్వు ఆ చివరి మాట గుర్తుపెట్టుకో అనేది. నమాజు చాప మడతపెట్టేటప్పుడల్లా ఆ మాట తలుచుకుంటే నా వెన్ను నిటారుగా అయ్యేది.

శుక్రవారం వచ్చింది. వెళ్లిపోయేదాన్నే అయినా గోధుమరవ్వ కూస్‌కూస్ మాత్రం నేనే వండాలి. గుమ్మడికాయా సెనగలూ వేసి వండాను. మగవాళ్లు మసీదు నుంచి వచ్చి అందరం పళ్లెం చుట్టూ కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది. మా అన్నయ్యే అనుకుని లేచి తీశాను. కాదు, తామూ అవ్వ. గోడ తడుముకుంటూ ఒక్కతే వచ్చింది. తలుపు పక్క గూట్లో ఉన్న పాత తాళంచెవి చేతికి తగిలితే దాని తల వేలితో తడిమి చూసి, "ఆఁ, ఈ ఇల్లే. ఆ మూడు నొక్కులు దీనివే" అని నవ్వింది.

"లోపలికి రా అవ్వా" అన్నాను.

"రాను తల్లీ, ఒక మాట చెప్పిపోదామని. అల్లాల్ నాకు రోజూ ఈ గుర్తు రొట్టె తెచ్చిచ్చేవాడు. మా మఆతీ బడి నుంచి వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది, దాంతోనే నా పూట గడిచేది. రోజాలు ఉండలేకపోయిన ఒక తల్లి తరఫున అని చెప్పాడు గానీ, పేరు చెప్పనని ఒట్టేశానన్నాడు. ఈ మధ్య రావట్లేదు. ఆ తల్లికి జబ్బేమైనా ముదిరిందేమో, చూసి దువా చేసి పోదామని వచ్చాను. ఎవరమ్మా ఆవిడ?"

మా ఆయన నా వైపు చూశాడు. అప్పుడు కూడా నా వైపే!

"నీవా ఆ రోజాలు?"

"ఆడదానిగా నాకు తప్పిన రోజాలు పండగయ్యాక ఉండి తీర్చుకున్నాను. మీరు అడగాల్సింది నన్ను కాదు" అన్నాను. నా చూపు అత్తయ్య వైపు పోకుండా కూస్‌కూస్ పళ్లెం మీదే పెట్టాను. ఆవిడకి ఆ మాత్రం చోటివ్వాలనిపించింది.

జపమాల కింద పడిన చప్పుడైంది.

"నావే" అంది అత్తయ్య. "ఆ రోజాలు నావే తామూ."

అవ్వ ఆవిడ చేతులు తడిమి పట్టుకుని, "దానికింత కుంగిపోతావేం కెంజా, జబ్బు మనిషివి" అని మనసారా దువా చేసి, కూస్‌కూస్ తిని వెళ్లింది. తర్వాత మొదలైంది అసలు భాగవతం. ఘీతా ముక్కు చీదుతూ, "నేనేదో నవ్వులాటకి అన్నాను వదినా, మనసులో ఏం పెట్టుకోకు" అంది. మా ఆయన గొంతు సవరించుకుని, "సరే, ఏదో పొరపాటు పడ్డాం. మీ అన్నయ్య వస్తే భోంచేసి వెళ్లమందాం. ఈ విషయం ఇంక గడప దాటనివ్వకు. నీ ఓర్పుకి దేవుడు ఫలం ఇస్తాడు. ఈసారి పండక్కి నీకు మంచి కఫ్తాన్ కుడతాను" అన్నాడు.

కుడతాడు. గుండీలు నేనే అల్లుకోవాలి కాబోలు!

"అన్నయ్య భోంచేసే వెళ్తాడు. నేను ఆయనతో వెళ్తానా లేదా అన్నది రేపు చెబుతాను" అన్నాను. "మీరన్న మాట బట్టీ దగ్గర పడింది, క్షమాపణ మాత్రం వంటింటి గుమ్మంలో చెబుతున్నారు. ఎక్కడ అన్నారో అక్కడే కాదనాలి. ఏ పాపం ఎరగని ఆడదాని మీద నింద వేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాళ్ల మాట ఇంకెప్పుడూ నమ్మొద్దన్నాడు దేవుడు. ప్రతి శుక్రవారం మసీదుకి వెళ్తారు, ఈ సంగతి ఎప్పుడూ చెవిన పడలేదా?"

"ఓర్చుకున్నదానివి, ఇంకొంచెం ఓర్చుకోలేవా?" అన్నాడు.

"ఓర్పు నేను దేవుడికి ఇచ్చిన మాట. మీకు ఇచ్చిన సెలవు కాదు."

అత్తయ్య తలొంచుకునే ఉంది. భయపడుతోంది. పక్కన కూర్చుని, కింద పడిన జపమాల తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "మీ రోజాల సంగతి మీకూ దేవుడికీ మధ్య అత్తయ్యా, అది నా నోటి నుంచి గడప దాటదు. నా సంగతి మాత్రం వీధిలో పడి ఉంది. అది వీధిలోనే తేలాలి." ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు జాలేసింది. మనసు మాత్రం మార్చుకోలేదు.

అన్నయ్య వచ్చాడు, విన్నాడు, రాత్రికి ఉండిపోయాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజయ్యాక ఎప్పట్లాగే పిండి పిసికాను. ముద్దలు చేసి పలక మీద పేర్చాను, ఒకటి ఎక్కువే చేశాను, తామూ అవ్వకి. నా బట్టలూ ఇల్హామ్ బట్టలూ ఒక మూట కట్టి గుమ్మం పక్కన పెట్టాను. మా ఆయన ఆ మూటని చూశాడు, పలకని చూశాడు. ఘీతా ఇంకా రాలేదు, రాదని ఇద్దరికీ తెలుసు. వంగి పలక నెత్తికెత్తుకున్నాడు, మా వాడలో ఏ మగాడూ ఎత్తుకోని పలక. గడప దగ్గర ఆగి గుడ్డ తొలగించి చూశాడు.

"గుర్తు వెయ్యలేదేంటి? మర్చిపోయావా?"

తాళంచెవి గూట్లోనే ఉంది.

"మర్చిపోలేదు. ఇవి ఎవరివని అల్లాల్ అందరి ముందూ అడుగుతాడు. అప్పుడు గట్టిగా చెప్పండి, ఎవరివో, ఆవిడ ఎలాంటిదో."